సత్తవ్వ గోడ మీది రోజులు

నిజామాబాద్
నవంబర్ 3, 2024

ఆశా,

ఫోన్ చేయకు, ఉత్తరం రాయి అన్నావు కదా, రాస్తున్నాను. ఫోన్‌లో మూడో నిమిషానికి మనకు గొడవ మొదలవుతుంది, నాలుగో నిమిషానికి నువ్వు పెట్టేస్తావు. కాగితం మీద నన్ను మధ్యలో ఆపలేవు. పైగా నువ్వు బ్రాంచి పోస్ట్‌మాస్టరువి. సంచిలో బ్యాంకు నోటీసులు తప్ప మనుషులు రాసిందేదీ రావడం లేదని వాపోయావు. ఇక నుంచి వస్తుంది, మోయి.

మార్చి 31 ఆఖరి తేదీ. నాలుగేళ్ళ గడువూ అయిపోయింది, రెండేళ్ళ పొడిగింపులూ అయిపోయాయి. ఆ రోజుకు థీసిస్ పంపకపోతే నా పేరు కొట్టేస్తారు. నలభై ఏడేళ్ళకు పీహెచ్‌డీ, అదీ దూరవిద్యలో, అదీ అకౌంటింగ్‌లో! స్టాఫ్ రూములో ప్రేమ్ సారుకు నేనొక కాలక్షేపం. "మేడమ్, డాక్టర్ అయినంక మా బీపీ గూడ జూస్తరా?" అంటాడు. అందరూ నవ్వుతారు. నా గైడ్ శ్యామలమ్మ గారిని ఈ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఎదురుగా చూడలేదు. తెర మీద ఆమె భుజాల వరకే ఉంటుంది. కలలో కూడా అలాగే వస్తుంది, కిటికీలో నుంచి వంగి చూస్తున్న మనిషిలాగా.

నా పరిశోధన అంతా సత్తవ్వ గోడ మీద నిలబడి ఉంది. నన్ను అక్కడికి తీసుకెళ్ళింది నువ్వే, అయినా రాస్తాను, రాస్తుంటే కళ్ళ ముందుకు వస్తుంది. పొయ్యి వెనక జాజు పూసిన ఎర్రటి మట్టి గోడ. పన్నెండు మంది ఆడవాళ్ళు ఒకరి చేలో ఒకరు వంతుగా పని చేసుకుంటారు. కూలి లేదు, రోజుకు రోజు. సత్తవ్వ ఇంకొకరి చేనికి పోయిన రోజు సున్నపు చుక్క, ఆమె చేనికి ఇంకొకరు వచ్చిన రోజు పసుపు చుక్క. ఎవరి వరుస వారిది, వరుస మొదట్లో వారి గుర్తు: గంగుబాయికి దువ్వెన, రాధాబాయికి చేప. అంగడి నాడు వారం తెగినట్టు ఒక అడ్డగీత. తొమ్మిదేళ్ళ చుక్కలు! మొన్న వేసవిలో నేను తీసిన ఫోటోల్లో పొగచూరిన చీకటి తప్ప ఏమీ పడలేదు. చేత్తో ఒక మూల మాత్రమే ఎక్కించుకున్నాను. జనవరిలో సెలవులు. మంచి కెమెరా, దీపం తెస్తాను. సత్తవ్వకు చెప్పి ఉంచు.

నిన్న పిల్లలు పరీక్ష రాస్తుంటే కునుకు పట్టింది. ఆ చుక్కలన్నీ గోడ దిగి, బారులుగా నడిచి, నా బ్లాక్‌బోర్డు మీదికి ఎక్కి కూర్చున్నాయి. ఎవరో "మేడమ్" అనేదాకా నేను వాటిని లెక్కపెడుతూనే ఉన్నాను.

పుష్ప

రుద్రూర్
నవంబర్ 19

పుష్పా,

నీ ఉత్తరం మీద నేనే ముద్ర కొట్టి నాకు నేనే బట్వాడా చేసుకున్నాను. ఈ సుఖం కలెక్టరుకు కూడా ఉండదు.

చెరకు పూత మొదలైంది. పొద్దున బ్రాంచికి నడిచి వస్తుంటే రెండు పక్కలా వెండి రంగు కుచ్చులు, మంచులో తడిసి బరువుగా. వాటి మధ్య నడుస్తుంటే నేను ఎటు పోతున్నానో ఒక్కోసారి మరిచిపోతాను. మొన్న అలాగే నడిచి నడిచి మా చేను గట్టు మీద తేలాను. మా ఆయన శాంతి కుమార్ పోయి రెండేళ్ళు దాటింది, అయినా కాళ్ళకు ఇంకా ఆ దారే తెలుసు. పసుపు ఏపుగా ఉంది. ఆయన పోయిన ఏడు నేను బోధన్‌లో అమ్మ దగ్గర నలభై రోజులు పడి ఉంటే, మా మరిది, హనోకు, తనే విత్తనం పెట్టించకపోతే ఈ రెండెకరాలు అప్పుడే చేయి దాటేవి. నీకు అతనంటే గిట్టదని తెలుసు. కానీ ఆ మేలు మరిచిపోలేను. ఆదివారం చర్చి అయ్యాక అతని ఇంటికి కోడికూర పంపనిదే నాకు ముద్ద దిగదు.

సత్తవ్వకు చెప్పాను. "నీ గోడను ఫోటో తీస్తరట సత్తవ్వా, పెద్ద పెద్ద సార్లు జూస్తరట" అన్నాను. బిత్తరపోయింది. "నా గోడనా? ఏమున్నదని?" అంది. తర్వాత చాలాసేపు గోడకేసి చూస్తూ కూర్చుంది, పెళ్ళి చూపులకు పిల్లను చూసుకున్నట్టు.

ఆశా

నిజామాబాద్
డిసెంబర్ 8

ఆశా,

మా ప్రిన్సిపాల్ నిన్న పిలిచి ప్రేమగా చెప్పాడు: దూరవిద్యలో వచ్చే డాక్టరేట్‌కు ఇక్కడ విలువ లేదు, ప్రమోషన్‌కు పనికిరాదు, ఎందుకమ్మా ఆరోగ్యం పాడుచేసుకుంటావు? నియమాలు కూడా అతని వైపే ఉన్నాయి. నాకు తెలియక కాదు. ఇరవై రెండేళ్ళుగా కాంట్రాక్టు మీద పాఠం చెప్పేదానికి రెగ్యులర్‌గా చదువుకునే సెలవు ఎవడిస్తాడని అడిగాను. నీళ్ళు తాగాడు.

మరి ఎందుకు అని నువ్వూ అడుగుతావు. చెప్తాను. నాకు పద్నాలుగేళ్ళప్పుడు మాక్లూర్‌లో మా ఇంటికి జనాభా లెక్కల మనిషి వచ్చాడు. "మీ ఇంటామె ఏం పని జేస్తది?" అని బాపును అడిగాడు. బాపు బీడీ ఆర్పి, "ఏం పని, ఇంట్లనే ఉంటది" అన్నాడు. సరిగ్గా అప్పుడే అవ్వ చేలో నుంచి వస్తోంది, నెత్తి మీద పసుపాకు మోపు, మోపు కింద మొహం కూడా కనబడటం లేదు. ఆ మనిషి మోపుకు దారి ఇచ్చి పక్కకు జరిగాడు. జరిగి, కాగితం మీద అడ్డంగా గీత కొట్టాడు. అవ్వ పోయింది, ఆ గీత మాత్రం నాలో ఉండిపోయింది.

ఇప్పటికీ అంతే. సాగు ఖర్చుల పుస్తకాలు తిరగేయి. కూలి ఇస్తే అది ఖర్చు. ఇంటి మనుషులు చేస్తే "కుటుంబ శ్రమ" అని ఏదో ఒక అంచనా. ఒకరి చేలో ఒకరు చేసుకుంటే ఆ అంచనా కూడా లేదు. పన్నెండు మంది తొమ్మిదేళ్ళు నడుము వంచితే అది ఏ పుస్తకంలోనూ జరగలేదు! జరిగిందని ఒక్క పుస్తకంలోనైనా ఉండాలి. ఒక్క రోజు కూడా వదలకుండా ఉండాలి. దాని మీద ఏ యూనివర్సిటీ ముద్ర ఉంటుందో నాకు అనవసరం.

కలలో గోడ వస్తూనే ఉంది. ఈసారి తడిగా ఉంది, చేయి పెడితే నా అరచేతికి పసుపు అంటుకుంది.

పుష్ప

రుద్రూర్
జనవరి 8, 2025

పుష్పా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించేశాను. నువ్వు కూర్చుని చదువు.

గోడ లేదు. అంటే, గోడ ఉంది. దాని మీద ఏమీ లేదు. సత్తవ్వ తెల్లగా సున్నం వేసింది.

పెద్ద సార్లు చూస్తారని నేనే చెప్పాను. నలుగురి ముందుకు పోయే గోడ మసిగా, మరకలతో ఉంటే పరువు పోతుందని ఆమె మూడు రోజులు కష్టపడి గోకింది. మట్టి మెత్తింది. రెండు పూతలు సున్నం, అంచుకు నీలిరంగు పూలతీగ. నిన్న నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయి చూపించింది. "ఎట్లున్నది ఆశమ్మా? ఇగ తియ్యమను ఫోటో" అంది. డెబ్బై ఏళ్ళ మొహం పదేళ్ళ పిల్లలా వెలిగిపోతోంది. "బాగున్నది" అన్నాను. నేనింకేం అనగలను?

తప్పు ఆమెది కాదు, నాది. గొప్పకు పోయి మాట్లాడాను.

ఆశా

నిజామాబాద్
జనవరి 11

ఆశా,

ఆరేళ్ళు.

నీకు ఆ ఒక్క ముక్క, "చుక్కలు కావాలి" అనే ముక్క చెప్పడానికి ఏం అడ్డమొచ్చింది? పెద్ద సార్లట! ఎవరా పెద్ద సార్లు? భుజాల వరకే ఉన్న ఒక మనిషి తప్ప నాకెవరున్నారు?

మళ్ళీ ఉత్తరం రాయకు.

పుష్పలత

రుద్రూర్
జనవరి 20

పుష్పలత గారికి,

రాయొద్దన్నా రాస్తున్నాను. తపాలా శాఖ మనిషిని, ఉత్తరం ఆపడం నాకు చేతకాదు.

సత్తవ్వకు నిజం చెప్పేశాను. చెప్పకుండా ఎలా? రోజూ గుమ్మంలో నిలబడి "పంతులమ్మ ఎప్పుడొస్తది?" అని అడుగుతుంటే. అంతా విన్నది. తర్వాత నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"చుక్కలు గావాల్నా? గా ముచ్చట ముందుగాల చెప్పద్దా! నా గోడ మీద లేకుంటె ఏంది, గంగుబాయి గోడ మీద లెవ్వా? నేను దాని చేన్లకు పోయిన్నాడు నా గోడకు సున్నం వెట్టిన. గదే రోజు అది దాని గోడకు పసుపు వెట్టుకున్నది. నాది నాకాడ, నాది దానికాడ. లేకుంటె మేం కొట్లాడుకుంటె ఎవలు తెంపాలె?"

గంగుబాయి అక్కడే ఉంది. "నేను మాత్రం నీ గోడను నమ్ముకోని బతుకుతున్ననా ముసల్దానా!" అని ఒకటే నవ్వు.

మిగిలిన పదకొండు గోడలూ తిరిగితే సత్తవ్వ గోడ మళ్ళీ లేస్తుంది కదా? నాకు నీ చదువు లేదు. ఉన్న ఒక్క అనుమానం: పిల్లలకు ఇరవై రెండేళ్ళుగా జమ, ఖర్చు అని రెండు వైపుల పద్దు నేర్పిస్తున్నది నువ్వే కదా?

మా ఇంట్లో మంచం వేసి ఉంచాను.

ఆశా

నిజామాబాద్
ఫిబ్రవరి 9

ఆశా,

నీ ఇంట్లో పదకొండు రోజులు తిన్నాను, ఒక్కసారి కూడా క్షమించమని అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నోటితో రాదు నాకు.

అక్కడి నుంచి వచ్చినా ఇంకా రాలేదు. బస్సు బోధన్ దాటుతుంటే కళ్ళు మూశాను, పసుపు ఉడికే ఆవిరి వాసన చీరలో నుంచి లేచింది. ఆ ఆవిరిలో ఆడవాళ్ళు అటూ ఇటూ తిరగడం, మొహాలు కనిపించి మాయమవడం, గంగుబాయి మరాఠీలో ఏదో అంటే అందరూ ఒక్కసారిగా నవ్వడం. ఎవరి గోడ దగ్గరికి పోయినా పని వదిలేసి వచ్చి పక్కన కూర్చున్నారు. "గీ చుక్క నాది", "ఎహె, గది దాని అక్కది" అని కొట్లాడుతూ చెప్పారు. రాధాబాయి స్లాబు వేయించుకుని గోడ పోగొట్టుకుంది, అయినా ఒక రోజంతా కూర్చుని నోటితో చెప్పింది, ఆమె చుక్కలు మిగిలిన పది ఇళ్ళలో ఉన్నాయి. తొమ్మిదేళ్ళలో ఏడేళ్ళు దొరికాయి. చాలు. సత్తవ్వ గోడ కాగితాల మీద మళ్ళీ లేచి నిలబడింది.

ఒక్క చోట మాత్రం కాలు జారుతోంది. ఒక ఏడు విత్తనం పెట్టడం మొదలైన మూడో వారంలో రెండు అడ్డగీతల మధ్య ఏమీ లేదు. ఒక్క గోడ మీద కాదు, అన్నిటి మీదా. వారమంతా ఖాళీ. విత్తనం అదను తప్పితే పంట పోతుంది, పన్నెండు మందీ చేతులు ముడుచుకుని ఎలా కూర్చున్నారు? అడిగితే రాధాబాయి చాయ్ పెట్టడానికి లేచిపోయింది. సత్తవ్వ నా చీర రేటు అడిగింది. ఏ సంవత్సరమో కూడా తెలియదు. "మా బర్రె బాయిల వడ్డ ఏడు" అంది గంగుబాయి, అంతే. ఆ బర్రె బీమా కాగితాలు మీ బ్రాంచి నుంచే పోయి ఉంటాయి. రిజిస్టరు చూసి ఆ ఏడు ఏదో చెప్పు. ఆ వారం వాన ముంచెత్తిందేమో, మీ ఊరి వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్ళను కూడా అడుగు.

పుష్ప

రుద్రూర్
ఫిబ్రవరి 24

పుష్పా,

గంగుబాయి బర్రె 2022 మే నెలలో బావిలో పడింది. విత్తనం పెట్టడం మొదలయ్యాక నువ్వు చెప్పిన మూడో వారం అంటే జూన్ ఆఖరు. పరిశోధన కేంద్రంలో వాన పట్టిక చూశాను. ఆ వారం చుక్క వాన లేదు.

జూన్ 21న శాంతి కుమార్‌ను సమాధి చేశాం. ఆ సాయంత్రమే అన్నయ్య నన్ను బోధన్ తీసుకుపోయాడు.

రిజిస్టరు మూసి నేరుగా హనోకు దగ్గరికి పోయాను. "ఆ ఏడు మా చేన్ల పసుపు పెట్టింది ఎవలు?" అని అడిగాను. సైకిలు తుడుస్తున్నవాడు తుడుస్తూనే ఉన్నాడు. "వదినె, నేను పెట్టించిన అని ఎన్నడన్న అన్ననా? నువ్వే అనుకున్నవు. నేను ఊకున్న." రెండున్నరేళ్ళ కోడికూర, పుష్పా! నీకు నవ్వు వస్తుంది, నవ్వు. నాకూ దారిలో నవ్వు వచ్చింది, తర్వాత గట్టు మీద కూర్చుండిపోయాను.

బోధన్ నుంచి తిరిగి వచ్చిన రోజు గుర్తొచ్చింది. నేల మీద వరుసలుగా పచ్చటి మొలకలు, ఎవరో పడుకోబెట్టి దుప్పటి కప్పినట్టు. అవి తమంతట తామే వచ్చాయని ఒక్క క్షణం నమ్మాను కూడా. పన్నెండు మంది ఆరు రోజులు తమ చేలు వదిలేసి నా చేలో వంగి ఉన్నారన్నమాట. ఇన్నేళ్ళుగా వాళ్ళు నెలనెలా నా కిటికీ దగ్గరికి పింఛనుకు వస్తున్నారు, ఒక్కరైనా ఒక్క మాట అనలేదు.

సత్తవ్వను నిలదీశాను. కోపం చేసింది, నా మీదే. "సావయిన ఇంటికి చేసిన పని గోడకెక్కది ఆశమ్మా. ఎక్కితె బాకీ అయితది. బాకీ అయితె నువ్వు తీర్సాలె. ఎట్ల తీరుస్తవు? మా ఇంట్ల గూడ ఎవలన్న సావాల్నా?"



ఆశా

నిజామాబాద్
మార్చి 10

ఆశా,

నీ ఉత్తరం మూడు రోజులు సంచిలో పెట్టుకుని తిరిగాను.

ఇప్పుడు నా సంగతి విను, కోప్పడకు. శ్యామలమ్మ గారు అధ్యాయం చదివారు. ఖాళీ వారం ఉంటే పట్టిక నిలవదు, బయటి పరీక్షకుడు అక్కడే పట్టుకుంటాడు, మొత్తం సాక్ష్యాన్నే అనుమానిస్తాడు అన్నారు. పన్నెండు మంది, ఆరు రోజులు, డెబ్బై రెండు పనిదినాలు అని నింపేయమన్నారు. పేరు అక్కర్లేదట. నింపితే గట్టెక్కుతాను. నింపకపోతే ఆమె పూచీ లేదు.

నిజం చెప్పనా? నాకూ నింపాలనే ఉంది. చదువు కోసం మాత్రమే కాదు. నా జన్మంతా అరిచింది ఇందుకే కదా, ఆడవాళ్ళ పని ఒక్క రోజు కూడా లెక్క తప్పకూడదని! అన్నిటికన్నా పెద్ద పని అది, దాన్నే వదిలేస్తే ఆ జనాభా లెక్కల మనిషికీ నాకూ తేడా ఏముంది? సత్తవ్వను ఇంకోసారి అడుగు. నాకు ఎదురుగా అడిగే ధైర్యం లేదు.

పుష్ప

రుద్రూర్
మార్చి 17

పుష్పా,

నా వరకైతే రాసుకో. నా చేను, నా దుఃఖం, నాకు దాపరికం లేదు.

కానీ రోజులు నావి కావు, వాళ్ళవి. పన్నెండు మందినీ కూర్చోబెట్టి నీ మాటలన్నీ చెప్పాను, మీ అవ్వ మోపు సంగతి కూడా. శ్రద్ధగా విన్నారు. రాధాబాయి కళ్ళు తుడుచుకుంది. చివరికి సత్తవ్వ అంది: "పంతులమ్మ కోపం నిజమే. మా పని లెక్కల రావాలె, రాకుంటె మమ్ముల ఎవలు దేకరు. ఏడేండ్లు ఇచ్చినం గదా, రాసుకోమను. గా ఆరు రోజులు మాత్రం మేం ఎవలికి అమ్మలె, బదులియ్యలె. గవ్వి మా కోసం పెట్టుకున్నం. ఇయ్యం."

ఆ జనాభా లెక్కల మనిషి మీ అవ్వను అడగలేదు పుష్పా. మీ బాపును అడిగాడు.

ఆశా

నిజామాబాద్
సెప్టెంబర్ 19

ఆశా,

పొద్దున పదకొండుకు మౌఖిక పరీక్ష అయింది. స్టాఫ్ రూములోనే, తెర ముందు. బయట సన్నటి వాన, కిటికీ అద్దం మీద నీళ్ళు జారుతుంటే తెర మీది నలుగురూ కూడా నీళ్ళలో ఉన్నట్టే కనిపించారు. చేప గుర్తు రాధాబాయి, దువ్వెన గుర్తు గంగుబాయి వాళ్ళ వెనక నుంచి తొంగి చూస్తున్నట్టు నాకొక భ్రమ.

బయటి పరీక్షకుడు పెద్దాయన. నా పుస్తకం నిజంగానే చదివాడు. నేరుగా ఆ పేజీకి వచ్చాడు. అక్కడ నేను రాసింది ఇంతే: "ఈ వారం ఆ పన్నెండు మందీ పని చేశారు. దాన్ని లెక్కలో పెట్టవద్దన్నారు. పెట్టలేదు."

"లెక్కకు రాని పని లెక్కకు రావాలని మూడు వందల పేజీలు వాదించారు. ఇక్కడ మీరే వదిలేశారు. ఇది వైరుధ్యం కాదా?"

"అవును సార్."

"కారణం మీకు తెలుసా?"

"తెలుసు సార్. చెప్పను."

తెర ఆగిపోయిందేమో అనుకున్నాను. "అయితే దీన్ని లోపంగా నమోదు చేయాల్సి ఉంటుంది" అన్నాడు. "చేయండి సార్" అన్నాను. నా గొంతులో కోపం లేదు ఆశా, నేనే ఆశ్చర్యపోయాను. సాయంత్రం కాగితం వచ్చింది. ఒక లోపంతో ఆమోదించారట. ప్రేమ్ సారు చదివి, "లోపమేందో గాని మేడమ్, డాక్టరైతె అయిన్రు" అని చాయ్ తెప్పించాడు.

సత్తవ్వకు చెప్పు. ఆరు రోజులు ఇవ్వలేదని చెప్పు.

పుష్ప

రుద్రూర్
అక్టోబర్ 6

డాక్టర్ పుష్పలత గారికి,

ఇలా రాయాలని ఆరేళ్ళుగా ఆగాను.

మీ కాగితం సత్తవ్వ ఇంట్లో అందరి ముందూ చదివి, అర్థం చెప్పాను. "లోపం" దగ్గర గంగుబాయి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సత్తవ్వ నవ్వలేదు. వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకుంటోంది.

"పాసయ్యింది గద, మంచిగున్నది" అంది. "ఇగ దాని బాకీ సంగతి జూడు. మొన్న మాఘంల పదకొండు రోజులు మా పని ఇడిసిపెట్టి దానికి గోడలు సూపెట్టినం. ఒక్కొక్క ఇంట్ల ఒక్క దినం. గవ్వి సావింటి రోజులు గావు. తీర్సాలె."

నిన్ను కాపాడదామని, "పంతులమ్మ సత్తవ్వా, నడుము వంగది" అన్నాను.

"మెల్లగ వంగుతది, మాకేం తొందర? రానియ్యి" అంది.

తవ్వకం జనవరి ఐదు నుంచి, ముందు గంగుబాయి చేను. పాత చీర తెచ్చుకో, పసుపు మరక పోదు.

ఆశా